వాల్వు ఎవరు తిప్పుతారు?

(జులై 11, తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవం నాడు హనుమకొండలో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, సర్పంచులు, గ్రామ పంచాయతీ సిబ్బంది కూర్చున్న సభలో, గ్రామీణ నీటి సరఫరా పనుల్లో ఉద్యోగ జీవితం గడిపి రిటైరైన ఒక ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక గోడ దగ్గర నిలబడ్డ అన్నలు ముందుకొచ్చి కూర్చోండి. ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కాగితాల్లో మిమ్మల్ని మల్టీపర్పస్ వర్కర్లు అంటున్నారు. ఊళ్ళో జనానికి మాత్రం మీరు నీళ్ళు ఇడిసే అన్నలే. ఇవాళ నేను మాట్లాడేది చాలావరకు మీ పని గురించే, అందుకని మీరు దగ్గర కూర్చుని వినాలి, తప్పు చెబితే ఆపాలి.

ఈ రోజు హైదరాబాద్ సంస్థానంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. మంజీర మీద నిజాంసాగర్ ఆయన హయాంలో కట్టిందే. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. ఇలాంటి రోజున పెద్ద ప్రాజెక్టుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. శ్రీరాంసాగర్ గురించి, కాకతీయ కాలువ గురించి, దేవాదుల ఎత్తిపోతల గురించి చెప్పడానికి నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారు. నేను పనిచేసినవన్నీ వెయ్యి, రెండు వేలు, మహా అయితే నాలుగు వేల జనాభా ఉన్న ఊళ్ళు. అరవై వేల లీటర్ల ట్యాంకు, నాలుగైదు కిలోమీటర్ల పైపులైను, పది పన్నెండు వాల్వులు, ఒక మోటారు, ఒక మనిషి. ఒక ఊరి నీళ్ళ పథకం అంటే ఇంతే. ఈ జాబితాలో చివర ఉన్న మనిషి దగ్గరే నా మాటంతా.

విద్యార్థులను ఒకటి అడుగుతాను. ప్రాజెక్టు వర్కులో మీరు ఒక ఊరికి నీటి సరఫరా డిజైన్ చేస్తారు. జనాభా లెక్క తీస్తారు, 30 ఏళ్ళకు ఎంత పెరుగుతుందో వేస్తారు, కంప్యూటర్‌లో నెట్‌వర్క్ గీస్తారు. ఏ జంక్షన్ దగ్గర ఎంత ఒత్తిడి ఉంటుందో రంగుల్లో కనిపిస్తుంది. దాంట్లో వాల్వులూ ఉంటాయి. ఆ వాల్వు ఎవరు తిప్పుతారు? ఎన్ని గంటలకు తిప్పుతారు? వానాకాలంలో ఆ వాల్వు ఉండే గుంత, అదే చాంబర్, దగ్గరికి ఎట్లా పోతారు? ఆ తిప్పే మనిషి కూతురి పెళ్ళికి వారం రోజులు సెలవు పెడితే ఆ వారం ఎవరు తిప్పుతారు? వీటికి జవాబు లేకపోతే మీరు పైపులకు డిజైన్ చేశారు గానీ ఊరికి చేయలేదని నా అభిప్రాయం.

మన వరంగల్ వాళ్ళకు ఈ సంగతి ఎనిమిది వందల ఏళ్ళ కిందటే తెలుసు. గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో, జగదాళ ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు గుడి కట్టించిందీ, రామప్ప చెరువు వచ్చిందీ ఆ కాలంలోనే. లక్నవరం, గణపురం కూడా కాకతీయుల నాటివే. ఇవాళ్టికీ వాటి కింద వరి పండుతోంది. ఎట్లా నిలబడ్డాయని అడిగితే అందరం కట్ట గొప్పతనం చెబుతాం. గుట్టల నడుమ ఇరుకు చోటు చూసి, వాగుకు అడ్డంగా, తక్కువ మట్టితో ఎక్కువ నీళ్ళు నిలిచేటట్టు కట్ట పోశారు. నిజమే, ఆ చోటు ఎంచుకోవడంలోనే సగం ఇంజనీరింగ్ ఉంది. ఇంకో సగం శాసనాల్లో ఉంది. చెరువు తవ్వించినవాళ్ళకు, దాని బాగోగులు చూసేవాళ్ళకు ఆ ఆయకట్టులో కొంత భాగం దశబంధం కింద మాన్యంగా ఇచ్చేవాళ్ళు. చెరువు నిండితే ఆ మాన్యం పండుతుంది. తూము పాడైతే ఎండుతుంది. మరమ్మతు చేయాల్సినవాడి తిండి ఆ చెరువులోనే పెట్టారన్నమాట.

తర్వాతి కాలంలో మన ఊళ్ళల్లో నీరటి ఉండేవాడు. ఇక్కడున్న పెద్దలు చూసే ఉంటారు. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు పారాలి, మత్తడి దుంకుతుంటే రాత్రి కట్ట మీద ఏ చోట కావలి ఉండాలి, అంతా ఆయనే చూసుకునేవాడు. పంట చేతికొస్తే కల్లంలోనే ఆయన వాటా గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. బోర్లు వచ్చాక ఎవరి నీళ్ళు వాళ్ళవయ్యాయి. నీరటికి గింజలు కొలిచే అలవాటు పోయింది. ఆయన కొడుకు పట్నం పోయాడు. కట్ట మీద తుమ్మ మొలిచింది, దాన్ని చిన్నగా ఉన్నప్పుడే పీకేసేవాడు లేడు. చెట్టు పెద్దదై చచ్చిపోతే దాని వేళ్ళు కట్ట లోపల కుళ్ళి సొరంగాలవుతాయి. నీళ్ళు నిండిన రాత్రి ఆ దారినే ఊట మొదలవుతుంది. తెల్లారేసరికి గండి.

2015 మార్చిలో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు లెక్కకొచ్చాయి. పూడిక తీస్తుంటే రైతులు ట్రాక్టర్లు పెట్టుకుని ఆ ఒండ్రును తమ చెలకలకు తోలుకున్నారు. నాకు చాలా సంతోషం కలిగించిన పని అది. ఒండ్రు పడ్డ చేను తేమను ఎక్కువ రోజులు పట్టుకుంటుంది, ఎరువు ఖర్చూ తగ్గుతుంది. కానీ పూడిక ఒక్క ఎండకాలంలో తీసేయొచ్చు. తూము షట్టర్‌కు ప్రతి ఏడూ గ్రీజు పెట్టాలి, కట్ట మీద పొదలు ప్రతి ఏడూ కొట్టాలి, మత్తడి కింద రాళ్ళు లేచిపోతే వెంటనే సర్దాలి. దీనికి పేరుపెట్టి ఒక మనిషిని, ఆ మనిషికి ఒక జీతాన్ని మనం ఇంకా గట్టిగా ఏర్పాటు చేసుకోలేదు. పెద్ద సొమ్ము ఒకేసారి ఖర్చుపెట్టడం మన వ్యవస్థకు చేతనవుతుంది. చిన్న సొమ్ము ఏటా, తప్పకుండా, ముప్ఫై ఏళ్ళు ఖర్చుపెట్టడం కష్టమవుతోంది.

ఇక మంచినీళ్ళ సంగతికి వస్తాను.

మా చిన్నతనంలో చేదబావి. తర్వాత బోరింగు. ఆ తర్వాత బోరుకు మోటారు పెట్టి ట్యాంకు, ట్యాంకు నుంచి గల్లీకో నల్లా. మనది ఎక్కువగా గ్రానైటు నేల. పైన ఒక పొర మెత్తబడిన రాయి, దాని కింద గట్టి రాయి, ఆ రాయిలో అక్కడక్కడా పగుళ్ళు. ఆ పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. ఏటా బోర్లు లోతుకు పోయినకొద్దీ కొన్ని ఊళ్ళల్లో ఫ్లోరైడు మోతాదు దాటింది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళ ఆధారమే లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చని ప్రమాణం. అమ్మలు చాలామంది కాచి తాగితే పోతుందనుకుంటారు. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడు మాత్రం పోదు. నీళ్ళు ఆవిరైనకొద్దీ ఇంకొంచెం చిక్కబడుతుంది. ఈ బాధకు మందుగానే నది నీళ్ళు తేవాలన్నారు. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభమైంది. గోదావరి, కృష్ణ నీళ్ళు శుద్ధి చేసి, పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. దేశమంతటికీ 2019లో ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లెక్క 55 లీటర్లే. ఆ విధంగా మనం పెద్ద మాటే ఇచ్చుకున్నాం.

ఆ భగీరథ పెద్ద పైపు నీళ్ళను తెచ్చి ఊరి ట్యాంకులో పోస్తుంది. అక్కణ్ణుంచి ఇంటి నల్లా దాకా ఉన్న పైపు, వాల్వు, లీకు, తగాదా, అన్నీ ఊరివే. తాగునీరు పంచాయతీల బాధ్యతల్లో ఒకటని రాజ్యాంగంలో 73వ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలులోనే ఉంది. కాబట్టి వందల కిలోమీటర్ల నుంచి వచ్చిన గోదావరి నీళ్ళు ఆఖరి కిలోమీటరులో నిలబడతాయా, పోతాయా అన్నది పంచాయతీ చేతిలో ఉంది. నిజానికి అక్కడ పనిచేసే ఒక్క మనిషి చేతిలో ఉంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ట్యాంకు అడుగు నేల మీది నుంచి 12 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. 10 మీటర్ల నీటి ఎత్తు అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి. ఒక అంతస్తు ఇళ్ళకు నల్లా దగ్గర 7 మీటర్ల ఒత్తిడి మిగలాలని మన నీటి సరఫరా మాన్యువల్ చాలాకాలంగా చెబుతూ వచ్చింది. ఇప్పుడు ఊళ్ళో ఒక వాడ గుట్ట వాలులో, ట్యాంకు నేలకంటే 5 మీటర్లు ఎత్తున ఉంది. 12 లోంచి 5 పోతే 7. సరిపోయిందనుకుంటాం. కానీ నీళ్ళు పైపులో పారుతూ రాపిడికి కొంత ఒత్తిడి పోగొట్టుకుంటాయి. 3 మీటర్లు పోయాయంటే నల్లా దగ్గర మిగిలేది 4. అదే గల్లీలో ముందున్న నాలుగు ఇళ్ళవాళ్ళు నల్లాలన్నీ తిప్పి పెడితే ఆఖరి ఇంటికి గాలి వస్తుంది.

పైపు సైజు దగ్గర కూడా ఇదే కథ. 110 మి.మీ. రాసినచోట 90 వేస్తే ఏం పోయింది, కొంచెమే కదా తేడా అని చాలామంది అనుకుంటారు. అదే ఒత్తిడి మీద 110 పైపు దాదాపు 70 శాతం ఎక్కువ నీళ్ళు మోస్తుంది. వ్యాసం సగం చేస్తే నీళ్ళు సగం కావు, ఆరో వంతు అవుతాయి. ఈ ఒక్క సంగతి సర్పంచులు గుర్తుపెట్టుకుంటే కందకం పూడ్చకముందే వెళ్ళి టేపు పెట్టి కొలుస్తారు.

ఇంకో సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. మన ఊళ్ళ పటం చూడండి. ట్యాంకు సాధారణంగా పంచాయతీ ఆఫీసు దగ్గరో బడి దగ్గరో, ఊరి నడుమ ఉంటుంది. పైపు అక్కణ్ణుంచి బయలుదేరి పెద్ద ఇళ్ళ మీదుగా పోయి పోయి సన్నబడుతుంది. ఆ సన్నబడ్డ పైపు చివర ఉండేది చాలా ఊళ్ళల్లో దళితవాడ. లేదంటే తర్వాత వెలిసిన కాలనీ, లేదంటే తండా. ఇది నీటి శాస్త్రం నిర్ణయించింది కాదు, ఊరు ఎట్లా కట్టుకున్నామో దాన్నిబట్టి వచ్చింది. అందుకే డిజైన్ ఎప్పుడూ చివరి ఇంటి నుంచి వెనక్కి చేసుకుంటూ రావాలి. ఆ ఇంట్లో 7 మీటర్లు కావాలి, అందుకు ఈ మలుపు దగ్గర ఎంత ఉండాలి, అందుకు ట్యాంకు దగ్గర ఎంత ఉండాలి, ఇట్లా. ట్యాంకు దగ్గర మొదలుపెట్టి ముందుకు పోతే మిగిలింది చివరివాళ్ళకు అవుతుంది. వీలైతే ఆ వాడకు ట్యాంకు నుంచి నేరుగా వేరే లైను, వేరే వాల్వు ఇవ్వండి. ఖర్చు కొంచెం పెరుగుతుంది. దాని కోసం వాదించండి, ఎస్టిమేట్‌లో పెట్టించండి. బిందెలు పట్టుకుని ఊరి నడుమకు పోయి నల్లా దగ్గర మాటపడాల్సిన గతి ఆ అక్కలకు తప్పుతుంది.

నర్సంపేట వైపు ఒక ఊళ్ళో పనిచేసే ఆపరేటర్ గురించి చెబుతాను. పేరు చెప్పను, ఆయన ఒప్పుకోడు. ఆయన మోటారు గది గోడ మీద సున్నంతో గీతలు గీసి ఉండేవి. ప్రతి వాల్వుకు ఒక గుర్తు. వేపచెట్టు బొమ్మ, గుడి బొమ్మ, బడి గంట బొమ్మ. పక్కన గీతలు. ఏమిటివని అడిగితే, "సారూ, గీ వేపచెట్టు వాల్వు ఏడు చుట్లు తిప్పాలె. ఎనిమిది తిప్పితే కిందోళ్ళకే పోతయి, మీదోళ్ళకు చుక్క రాదు. గుడికాడిది పొద్దుగాల పావుగంట ఆగి తియ్యాలె, లేకుంటే గాలి తన్నుతది" అన్నాడు. చూడండి, మేం డిజైన్‌లో వేసిన ఒత్తిడి లెక్క మొత్తం ఆయన చేతి చుట్లలో ఉంది. కంప్యూటర్ చెప్పనిది కూడా ఉంది. ఖాళీ పైపులోకి నీళ్ళు తొందరపడి వదిలితే లోపలి గాలికి దారి దొరక్క జాయింట్లు ఊడతాయి. అందుకే ఎత్తైన చోట ఎయిర్ వాల్వు పెడతాం. ఆ ఊళ్ళో ఆ ఎయిర్ వాల్వు మీద సీసీ రోడ్డు పోసేశారు. ఆయన తన ఓపికతో ఆ లోటు తీరుస్తున్నాడు, మెల్లగా తిప్పి, పావుగంట ఆగి.

ఆయన దగ్గర ఒక సన్నని ఇనుప చువ్వ కూడా ఉండేది. ఊరు సద్దుమణిగాక, పైపు మీద నేలకు ఆ చువ్వ ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వినేవాడు. లీకు ఉన్నచోట సన్నగా సలసలమని చప్పుడు వస్తుంది. డాక్టర్ స్టెతస్కోపు పెట్టినట్టే. ఇదే పనికి ఖరీదైన యంత్రాలు అమ్ముతారు, మంచివే. ఆ చువ్వ కూడా పనిచేస్తుంది, నేను విని చూశాను.

లీకు అంటే ఎంత? 3 మిల్లీమీటర్ల చిల్లు, అంటే ఒక చిన్న మేకు రంధ్రం. 10 మీటర్ల ఒత్తిడి మీద దాన్నుంచి గంటకు రెండు వందల లీటర్లకు పైనే పోతాయి. ట్యాంకు దగ్గర ఎప్పుడూ నిండి ఉండే లైనులో అయితే రోజుకు దాదాపు 5 వేల లీటర్లు. మనిషికి 100 లీటర్ల లెక్కన 50 మంది నీళ్ళు. నీళ్ళు పోవడం ఒక్కటే అయితే కొంత ఓర్చుకోవచ్చు. సరఫరా బందైనప్పుడు అదే చిల్లు లోపలికి పీల్చుకుంటుంది. చుట్టూ ఏముంది? మోరి నీళ్ళు. పైగా ఇంటింటా నల్లాకు మోటారు బిగిస్తున్నారు. మోటారు పైపును గట్టిగా పీలిస్తే ఒత్తిడి సున్నా కిందికి పోతుంది, పక్కన మోరిలో ఉన్నది పైపులోకి వస్తుంది. ఆ నీళ్ళు మోటారు పెట్టిన ఇంటికే కాదు, ఆ గల్లీలో అందరికీ పోతాయి. విరేచనాల కేసులు వచ్చినప్పుడు ట్యాంకు నీళ్ళు పరీక్షిస్తే బాగానే ఉంటాయి, ఇంట్లో నీళ్ళు పరీక్షిస్తే చెడిపోయి ఉంటాయి. అందరూ ఆపరేటర్‌ను తిడతారు. సర్పంచులకు నా విన్నపం: మోటార్లు తీయించడం ఓట్లకు కష్టమని తెలుసు. అయినా తీయించండి. ముందు పై వాడకు ఒత్తిడి సరిచేసి, తర్వాత తీయించండి. నీళ్ళు రానివాళ్ళే మోటారు పెట్టుకున్నారు, సరదాకు ఎవరూ పెట్టుకోలేదు.

వాల్వు చాంబర్ గురించి ఒక్క మాట. చాలా ఊళ్ళల్లో మూత ఉండదు. మట్టి, ప్లాస్టిక్, మోరి నీళ్ళు నిండి ఉంటాయి. చేయి మోచేతి దాకా ఆ బురదలో పెట్టి వాల్వు వెతికి తిప్పాలి. ఈ పనికి మనం ఒక జత గ్లవుజులు కూడా ఇవ్వం. విద్యార్థులు చాంబర్ గీసేటప్పుడు రెండు అడుగుల కొలతలు వేసి పోతారు. ఒక మనిషి అందులో కూర్చుని రెంచి పట్టుకుని తిప్పడానికి చోటుందా చూడండి. అడుగున నీళ్ళు ఇంకిపోవడానికి కంకర వేయండి. మోరి గట్టుకంటే చాంబర్ గోడ ఎత్తుగా పెట్టండి. వాల్వు కడ్డీకి పొడుగు రాడ్డు వేసి పైనుంచే తిప్పే ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది.

2023 జులై అందరికీ గుర్తుంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మి.మీ. వాన పడింది. మన దగ్గర ఏడాదికి పడేది వెయ్యి మి.మీ. అటూ ఇటూ. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచేసింది. అలాంటి వరదలో వంతెనకు కట్టిన పైపును కొట్టుకొచ్చిన చెట్లు తగిలి తెంపుతాయి. వంతెనకు పైపు కట్టాల్సివస్తే నీళ్ళు వచ్చే వైపు కాకుండా దిగువ వైపు కట్టండి. వీలుంటే వాగు కోతకు అందని లోతులో పాతి చుట్టూ కాంక్రీటు పోయండి. ఇంకోటి, పెద్ద లైను వచ్చింది కదా అని పాత బోరును పాడుపెట్టొద్దు. ఫ్లోరైడు ఉన్నా స్నానాలకు, బట్టలకు, పశువులకు పనికొస్తుంది. నెలకోసారి మోటారు వేసి చూడండి. నది నీళ్ళు నాలుగు రోజులు ఆగిన వారంలో దాని విలువ తెలుస్తుంది.

డబ్బు సంగతి. 2021–26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని కట్టుబాటు పెట్టింది. అలాంటి సొమ్ములోంచి విడి సామాను ముందే కొని పెట్టుకోండి. రెండు వాల్వులు, పైపు పగిలినచోట బిగించే రిపేరు కాలర్లు నాలుగు, ఒక స్టార్టర్, కొంత పైపు. పైపు పగిలిన రోజు మూడు కొటేషన్లు తీసుకుని, తీర్మానం రాసి, వరంగల్ పోయి కొనుక్కొచ్చేసరికి నాలుగు రోజులు ఊరు ఎండుతుంది. గీసుగొండ మండలం గంగదేవిపల్లికి పోయి చూడండి, చాలామంది దూరదూరాల నుంచి వచ్చి చూసి పోతారు, పక్కనున్న మనమే పోము. బాల వికాస సంస్థ తోడ్పాటుతో అక్కడి జనం తమ చందా కలిపి ట్యాంకు కట్టుకున్నారు, నీళ్ళకు ఒక కమిటీ పెట్టుకున్నారు. కమిటీలో కూర్చున్నది నీళ్ళు వాడుకునేవాళ్ళే కాబట్టి లీకును చూసీ చూడనట్టు పోవడం కుదరదు. జల్ జీవన్ మార్గదర్శకాలు కూడా గ్రామ నీటి సంఘంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాలంటున్నాయి. పేర్లు రాసి సంతకాలు పెట్టించడం కాదు, నల్లా దగ్గర నిలబడే అక్కలను కూర్చోబెట్టండి. ఏ గల్లీకి ఎన్నింటికి నీళ్ళొస్తున్నాయో, ఎన్ని బిందెలు నిండుతున్నాయో వాళ్ళ నోట్లో లెక్క ఉంటుంది.

విద్యార్థులకు ఆఖరుగా ఒక పని చెబుతాను. పైపులు వేసేటప్పుడు రాయి తగిలి లైను పక్కకు తిప్పుతారు, అది డ్రాయింగులో ఎక్కదు. ఐదేళ్ళ తర్వాత జేసీబీ వచ్చి తెంపితేగానీ పైపు ఎక్కడుందో తెలియదు. వేసింది వేసినట్టు గీసిన పటం ఒకటి, పెద్దగా, పెయింటుతో పంచాయతీ ఆఫీసు గోడ మీద వేయించండి. వాల్వులకు నంబర్లు, పక్కన గుర్తులు. ఏ వాల్వు ఎన్ని చుట్లో కూడా రాయండి. మీలో పదిమంది కలిసి సెలవుల్లో ఒక్కో ఊరు తీసుకుంటే ఆపరేటర్‌తో కలిసి ఒక రోజు నడిచి ఈ పని చేసేయొచ్చు. ఆపరేటర్ తలలో ఉన్న ఊరి పటం ఆయనతోపాటే రిటైరైపోకుండా ఉంటుంది.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

ఒక విద్యార్థి: సార్, ట్యాంకులో లెవెల్ సెన్సార్, ఆటోమేటిక్ వాల్వులు పెడితే మనిషి అవసరం తగ్గుతుంది కదా?

తగ్గుతుంది బాబూ, ట్యాంకు నిండి పొర్లిపోవడం ఆపడానికి లెవెల్ సెన్సార్ చాలా మంచిది, పెట్టమనే చెబుతాను. కరెంటూ మిగులుతుంది, మోటారూ బతుకుతుంది. ఊరంతా ఆటోమేటిక్ వాల్వులు అంటే మాత్రం ఆలోచించాలి. అది పాడైతే బాగుచేసేవాడు హైదరాబాద్ నుంచి రావాలా, మండలంలో దొరుకుతాడా? సెన్సార్ రాత్రి రెండింటికి ఫోనుకు మెసేజ్ పంపితే ఎవరి ఫోనుకు పంపుతుంది, ఆయన ఆ రాత్రి ఏం చేయగలడు? వీటికి జవాబు దొరికితే పెట్టండి. మీరు తయారుచేసేది ఏదైనా ముందు ఒక ఆపరేటర్ చేతికిచ్చి ఒక ఎండకాలం, ఒక వానాకాలం నడిపించి చూడండి.

ఒక పంచాయతీ ఉద్యోగి: సార్, బ్లీచింగ్ ఏస్తే జనం వాసనొస్తుందని కొట్లాటకొస్తున్రు. ఎయ్యకుంటే ఆఫీసర్లు అడుగుతున్రు. ఎంత ఎయ్యాలె?

మంచి ప్రశ్న అన్నా, ఇది అందరూ వినండి. వాసన రావడానికి మామూలుగా కారణం ఎక్కువ వేయడం కంటే, ఒకేసారి వేసి వెంటనే వదలడం. ముందు క్లోరిన్ ఎంతుందో రంగులో చూపే క్లోరోస్కోపు పెట్టి ట్యాంకులోకి వచ్చే నీళ్ళు చూడు. శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీళ్ళల్లో క్లోరిన్ ఉంటే చాలాసార్లు వేయాల్సిన పనే ఉండదు, ఉన్నా కొంచెమే. అసలు లేకపోతే, 60 వేల లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన 120 గ్రాముల క్లోరిన్ కావాలి. మంచి పౌడర్‌లో 30 శాతం క్లోరిన్ ఉంటే దాదాపు 400 గ్రాముల పౌడర్ అవుతుంది. సంచి విప్పి ఎండలో, తేమలో పెడితే ఆ బలం పోతుంది. అప్పుడు రెండింతలు వేసినా పనిచేయదు, సున్నం మాత్రం మిగులుతుంది. అందుకని మూత గట్టిగా ఉన్న డబ్బాలో, నీడలో పెట్టు. బకెట్‌లో కలిపి కాసేపు ఉంచితే సున్నం అడుక్కి పోతుంది, పైన తేట ఒక్కటే ట్యాంకులో పోయాలి. నీళ్ళు నిండుతుండగానే పోస్తే బాగా కలుస్తుంది. తర్వాత కనీసం అరగంట ఆగి అప్పుడు వాల్వు తీయి. పరీక్ష మాత్రం ట్యాంకు దగ్గర చేసి రాసుకోవద్దు. లైను చివరి ఇంటికి పో, నల్లా తిప్పి కాసేపు వదిలి పట్టు, చుక్కలు వేసి చూడు. లేత పసుపు రంగు వచ్చి 0.2 గీతకు తగ్గకుండా ఉంటే చాలు. అక్కడ రంగు రాకపోతే ట్యాంకులో ఇంకో గుప్పెడు వేయడానికి తొందరపడకు. నడుమ ఎక్కడో మోరి నీళ్ళు కలిసి క్లోరిన్‌ను తినేస్తున్నాయని అర్థం, ఆ లైను నడిచి చూడు. సర్పంచ్ గారు, ఆ పరీక్ష మందు అయిపోతే కొనివ్వడం మీ బాధ్యత. రోజూ చూసిన అంకె ఒక నోట్‌బుక్‌లో రాయించండి, నెలకోసారి గ్రామసభలో చదివించండి. ఎవరింట్లో ఎంత ఉందో తెలిస్తే వాసన గురించి కొట్లాటకు వచ్చేవాళ్ళు కూడా ఆగి వింటారు.